ఆకాశము నుండి దూకిన మిల్లు బాలిక

(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులతో మాటాడవచ్చిన అధికారులు సాధారణముగ పారిశుధ్యమును గూర్చియో, పన్నుల వసూలును గూర్చియో, మొక్కల పెంపకమును గూర్చియో మాటాడుదురు. ఆ విషయములు మీకు కంఠస్థములే. నేడు మేము ఒక స్త్రీ జీవితమును గూర్చి మనవి చేయదలచితిమి. ఆమె మన దేశస్థురాలు కాదు. ఆమె చేసిన పని మన గ్రామములలో ఎవరును చేయునది కాదు. విమానము నుండి పారాషూటుతో దూకిన మొట్టమొదటి మహిళ ఆమె. అయినను ఆమె పుట్టిన ఇంటిని గూర్చి, చిన్ననాట చేసిన కూలిని గూర్చి, పండ్రెండవ యేట జరిగిన పెండ్లిని గూర్చి వినునపుడు, ఇస్నాపురములోనో, ముత్తంగిలోనో, పాశమైలారములోనో మీరెరిగిన ఒక ఇల్లు మీకు జ్ఞాపకము రాక మానదు. అందువలననే ఈ కథను ఎన్నుకొంటిమి.

విమానము మన ప్రాంతమువారికి వింత వస్తువు కాదు. దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీ పటాన్‌చెరువునకు దూరము కాదు. అచ్చటి శిక్షణ విమానముల చప్పుడు మన పిల్లలకు అలవాటైన చప్పుడే. పారాషూటును మాత్రము పలువురు సినిమాలలోనే చూచియుందురు. అది పెద్ద గొడుగు వంటి గుడ్డ. ఆ గుడ్డ గాలిని పట్టి నిలుపును, గాలి మనిషిని నిలుపును. ఏ ఆధారమును లేక ఎత్తు నుండి పడు మనిషి గంటకు ఇంచుమించు 200 కిలోమీటర్ల వేగమును అందుకొనును. పారాషూటు విచ్చుకొన్నచో సెకండునకు 5, 6 మీటర్ల వేగముతో దిగును. అనగా నిలువెత్తు గోడ మీది నుండి దూకినంత దెబ్బ నేలను తాకునపుడు తగులును. కాలు మడచి దొరలుట ఎరిగినవానికి అది పెద్ద దెబ్బ కాదు. ఎరుగనివానికి కాలు విరుగుటకు చాలును.

ఈ విద్యలో స్త్రీలు ఆది నుండియు ఉన్నారు. ఫ్రాన్సు దేశమున గార్నెరాన్ అను నతడు 1797లో బెలూను నుండి పారాషూటుతో దిగెను. రెండేండ్లకు, 1799 అక్టోబరు 12వ తేదీన, అతని శిష్యురాలు జాన్ జెనెవీవ్ లాబ్రోస్ సుమారు 900 మీటర్ల ఎత్తు నుండి దిగెను. జర్మనీలో కేథె పౌలుస్ అను కుట్టుపని చేసికొను యువతి 1893లో దూకుట ప్రారంభించి, పారాషూటును మడచి సంచిలో నుంచు పద్ధతిని రూపొందించెను. మొదటి ప్రపంచ యుద్ధమున బెలూనులనెక్కి శత్రువును కనిపెట్టు సైనికులకై ఏడు వేల వరకు పారాషూటులను తయారుచేసి యిచ్చినది ఆమెయే. సూది, దారము, గుడ్డ తెలిసిన చేతులు ఎంత దూరము పోగలవో మహిళా సంఘములలో కుట్టుమిషనులు పంచునపుడు తలచుకొనదగిన విషయము.

ఇక మన కథానాయిక. 1893 ఏప్రిల్ 8వ తేదీన అమెరికా దేశములోని ఉత్తర కరోలినా రాష్ట్రమున, ఆక్స్‌ఫర్డ్ అను ఊరికి సమీపమున జార్జియా ఆన్ థాంప్సన్ జన్మించెను. ఏడుగురు ఆడుబిడ్డలలో కడపటిది. పుట్టినపుడు ఆమె బరువు మూడు పౌండ్లు, అనగా కిలోన్నరకు లోపు. అందుచే అందరును ఆమెను ‘టైనీ’ అని పిలిచిరి. మన మాటలో చెప్పవలెనన్న ‘చిట్టి’. యౌవనమున గూడ ఆమె ఎత్తు 4 అడుగుల 8 అంగుళములు మాత్రమే. బరువు 40 కిలోలు లేదు.

ఆ ప్రదేశము ప్రత్తికి, పొగాకునకు ప్రసిద్ధి. పొలము మీద పొట్ట గడవక కుటుంబములకు కుటుంబములే మిల్లు ఊళ్లకు తరలిపోవుచుండిన కాలమది. థాంప్సన్ కుటుంబము హెండర్సన్ అను మిల్లు ఊరు చేరెను. మన జిల్లాలో గత యాభై, అరువది సంవత్సరములలో జరిగినది మీకు విదితమే. 1960ల దశకమున రామచంద్రాపురమునకు భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వచ్చినది, తరువాత పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామిక వాడలు వెలసినవి. పొలము చేసినవారి బిడ్డలు షిఫ్టుల లెక్కన కాలము గడుపుచున్నారు. హెండర్సన్‌లోను అదే జరిగెను. అయితే అచ్చట పిల్లలను గూడ పనిలో పెట్టుకొనుచుండిరి. నూలు మరల నడుమ దూరి పనిచేయుటకు చిన్న చేతులు అనువుగ నుండును, కూలియు తక్కువ. టైనీ పసితనమున ఆ మిల్లునకే పోయినది. దినమునకు పదునాలుగు గంటల పని.

పండ్రెండవ యేట ఆమెకు పెండ్లి చేసిరి. పదుమూడవ యేట ఆడుబిడ్డ పుట్టెను. ఆ శిశువునకు వెర్లా అని పేరిడిరి. కొలది కాలమునకే ఆ భర్త ఆమె జీవితము నుండి తొలగిపోయెను. చంకలో బిడ్డ, మిల్లులో కూలి, పదునాలుగేండ్ల వయసు.

ఇచ్చట ఒక్క నిమిషము ఆగుదము. మేము గ్రామములలో పర్యటించునపుడు తరచు వినవచ్చు మాట యొకటి యున్నది. “మేమిద్దరము కంపెనీకి పోవుదుము, ఇంట పిల్ల యొంటరిగ నుండును. గుండెల మీద కుంపటి ఎన్నాళ్లు మోయుదుము? పదవ తరగతి కాగానే ఒక అయ్య చేతిలో పెట్టితిమన్న మా బరువు తీరును” అని తల్లిదండ్రులు అందురు. ఆ భయమును మేము తేలికగ తీసివేయుట లేదు. వేళగాని వేళ షిఫ్టు నుండి ఇల్లు చేరు తల్లికి ఆ భయముండుట సహజము. కాని పెండ్లితో ఆ భయము తొలగునా? పెండ్లియైన రెండేండ్లలోపున టైనీ బిడ్డతో పుట్టింట నుండెను. తీరినదనుకొన్న బరువు రెండింతలై తిరిగివచ్చినది.

బాల్యవివాహ నిషేధ చట్టము 2006లో వచ్చి, 2007 నవంబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. వధువునకు 18, వరునకు 21 సంవత్సరములు నిండవలెను. పెండ్లి జరిపించినవారికి, జరుగుటకు తోడ్పడినవారికి రెండు సంవత్సరముల వరకు కఠిన కారాగారవాసమును, లక్ష రూపాయల వరకు జుల్మానాను విధింపవచ్చును. ఈ నిబంధన పురోహితునకు, ఖాజీకి, మధ్యవర్తికి గూడ వర్తించును. పందిరి క్రింద కూర్చుండి అక్షతలు వేసిన పెద్దమనుషులును దీనికి వెలుపల లేరని మీరు గమనింపవలెను. ఇంకొక విషయము పలువురకు తెలియదు. బాల్యమున పెండ్లి జరిగిన బిడ్డ తాను మేజరైన పిదప రెండేండ్లలోపున న్యాయస్థానమున కోరినచో ఆ వివాహము రద్దగును. పెండ్లి జరుగనున్నదని తెలిసినచో 1098 నంబరునకు ఎవరైనను ఫోను చేయవచ్చును. అందుకు ఖర్చు లేదు. ఆ నంబరు పంచాయతీ కార్యాలయపు గోడ మీదను, అంగన్‌వాడీ గోడ మీదను పెద్ద అక్షరములతో ఉండవలెను. కొన్ని గ్రామములలో ఉన్నది. కొన్నింట ఎన్నికల ప్రచారపు రంగుల క్రింద కప్పబడినది.

కథకు వత్తము. 1907లో ఉత్తర కరోలినా రాజధాని రాలీ నగరమున రాష్ట్ర ప్రదర్శన జరిగినది. మన ఝరాసంగము జాతర వంటిదనుకొనుడు. దేవుడు లేడు, జనము, అంగళ్లు, ఆటలు కలవు. అందు చార్లెస్ బ్రాడ్‌విక్ అను నతని బృందము బెలూను ప్రదర్శన ఇచ్చుచుండెను. గుంటలో మంట పెట్టి, ఆ వేడి గాలిని, పొగను పెద్ద గుడ్డ సంచిలోనికి నింపుదురు. సంచి ఉబ్బి పైకి లేచును. బుట్ట ఉండదు. క్రింద వ్రేలాడు కఱ్ఱ మీద ఒక మనిషి కూర్చుండును. తగిన ఎత్తునకు పోయిన పిదప త్రాడు విడిపించుకొనును. ప్రక్కన వ్రేలాడదీసిన పారాషూటు విచ్చుకొని అతనిని దింపును. టైనీ ఈ దృశ్యమును చూచెను. చూచి ఇంటికి పోలేదు. బ్రాడ్‌విక్ కడకు పోయి తనను గూడ బృందములో చేర్చుకొమ్మని అడిగెను.

ఆమె ధైర్యమును గూర్చి గ్రంథములు వ్రాసిరి. మాకు మాత్రము అంతకంటె గమనింపదగినది ఆమె తల్లి నిర్ణయముగ తోచును. ఊరూర తిరుగు ఆటవారితో ఆడుపిల్లను పంపుటకు నాటి సమాజమున ఏ తల్లియు సులభముగ ఒప్పుకొనదు. ఆ తల్లి చాలకాలము ఆలోచించెను. కడకు బిడ్డ వెర్లాను తన కడ ఉంచుకొని పెంచుటకును, టైనీ సంపాదన నుండి ఇంటికి డబ్బు పంపుటకును ఒప్పందము చేసికొని సమ్మతించెను. లోకాపవాదము రాకుండుటకై బ్రాడ్‌విక్ ఆమెను చట్టరీత్యా దత్తత తీసికొనెను. నాటి నుండి ఆమె టైనీ బ్రాడ్‌విక్. ఆ అమ్మమ్మ మనుమరాలిని ఎత్తుకొనక పోయినచో టైనీ మరల దారముల నడుమనే ముసలిదై పోయియుండును. ఆమె పేరు మనలో ఎవరికిని తెలిసెడిది కాదు.

1908లో, తన పదునైదవ యేట, ఆమె మొదటిసారి బెలూను నుండి దూకెను. పదునైదేండ్ల బాలికను గాలిలో వ్రేలాడదీసి టిక్కెట్లు అమ్ముటను మేము సమర్థింపము. నేటి మన చట్టము అట్టి పనికి అనుమతింపదు, అనుమతింపకుండుటయే న్యాయము. బ్రాడ్‌విక్ పరోపకారియు కాడు. ఆటగాడు, వ్యాపారి. జనము మురియవలెనని ఆమెకు కుచ్చుల లాగు, రిబ్బనులు, చంటిపాపల టోపీ తొడిగి ‘బొమ్మపిల్ల’ అని ప్రకటించెను. ఆ వేషమనిన ఆమెకు ఏవగింపు. అయినను ఆ మోజు వెనుక ఒక నిజమైన విద్య యున్నది. పారాషూటును ఏ మడత మీద ఏ మడత వేయవలెనో, త్రాడులు చిక్కుపడకుండ ఎట్లు పరచవలెనో, గాలి ఏ దిక్కున వీచుచున్నదో, నేల ఎంత వేగముతో పైకి వచ్చుచున్నదో తెలియనివారు ఆ వృత్తిలో ఎక్కువ కాలము బ్రతుకరు. ఆమె బ్రతికెను.

దెబ్బలు తగులలేదని కాదు. ఒకమారు గాలిమర రెక్కలలో చిక్కుకొనెను. ఒకమారు కదలిపోవు రైలు కడపటి పెట్టె మీద దిగెను. విద్యుత్ తీగెల మీద పడుటయు జరిగినది. భుజము తొలగినది, ఎముకలు విరిగినవి. మానిన పిదప మరల దూకెను. మిల్లు పని కంటె ఇది మేలని ఆమెకు తోచినట్లున్నది!

అంతలో విమానములు వచ్చినవి. బెలూను నెమ్మదిగ లేచును, విమానము పరుగెత్తును. దాని రెక్కలకో తోకకో గుడ్డ తగులుకొన్నచో ప్రాణము దక్కదు. బ్రాడ్‌విక్ పారాషూటును మడచి వీపు సంచిలో నుంచి, దాని కొసను ఒక త్రాడుతో విమానమునకు కట్టు పద్ధతిని సిద్ధపరచెను. మనిషి దూకినపుడు ఆ త్రాడు బిగిసి సంచిని విప్పును, పిదప తెగిపోవును. 1913 జూన్ 21వ తేదీన లాస్ ఏంజెలెస్ నగరము మీద ఈ పద్ధతిని టైనీ పరీక్షించెను. విమానము నడిపినవాడు గ్లెన్ మార్టిన్. రెక్క వెనుక ప్రక్కన వ్రేలాడు చిన్న పీట మీద ఆమె కూర్చుండెను. సుమారు రెండు వేల అడుగుల ఎత్తున మీటను లాగగనే పీట జారిపోయెను, ఆమెయు దానితో జారెను, గ్రిఫిత్ పార్కులో క్షేమముగ దిగెను. విమానము నుండి పారాషూటుతో దిగిన ప్రథమ మహిళయని చరిత్ర ఆమెను పేర్కొనుచున్నది.

మార్టిన్ పేరు చెప్పితిమి గనుక ఒక ముచ్చట. అతడు స్థాపించిన విమాన సంస్థ పలు మార్పులు చెంది 1995లో లాక్‌హీడ్ మార్టిన్ అను పెద్ద సంస్థలో కలసినది. 2010 తరువాత ఆ సంస్థయు, టాటా సంస్థయు కలసి మన హైదరాబాదు చెంత ఆదిభట్లలో సీ-130 రకపు రవాణా విమానముల తోక భాగములను తయారుచేయుట ప్రారంభించినవి. మన సైనికులు పారాషూటులతో దూకు విమానములలో ఆ రకమును ఒకటి. టైనీని పీట మీద కూర్చుండబెట్టి ఎగిరినవాని పేరుగల కర్మాగారమున మన తెలుగు పిల్లలు రివిట్లు కొట్టిరి.

1914లో టైనీ శాన్ డియేగో వైమానిక కేంద్రమున అమెరికా సైనికాధికారుల ఎదుట పారాషూటు ప్రదర్శించెను. మూడు మారులు నిర్విఘ్నముగ దూకెను. నాలుగవమారు, విమానమునకు కట్టిన త్రాడు తోక భాగమున చిక్కుకొని, ఆమె గాలికి కొట్టుకొనుచు విమానము వెంట వ్రేలాడుచుండెను. తిరిగి లోనికి ఎక్కుట సాధ్యము కాలేదు. అట్టి స్థితిలో ఆమె త్రాడును కోసివేసి, చేతిలో మిగిలిన కొసను పట్టుకొని, కొంత దూరము కేవలము రాయివలె పడి, అప్పుడు ఆ కొసను తానే లాగి పారాషూటును తెరచెను. విమానముతో సంబంధము లేకుండ మనిషి తన చేతితోనే పారాషూటు తెరచుకొనవచ్చునని తేలిపోయెను. చెడిపోవు విమానము నుండి బయటపడువానికి కావలసినది సరిగ ఇదియే గదా!

అంతటి నిరూపణ కన్నుల యెదుట జరిగినను, ఆ వెంటనే వచ్చిన ప్రపంచ యుద్ధమున అమెరికా, బ్రిటిషు విమాన చోదకులు పారాషూటు లేకయే ఎగిరిరి. మండుచున్న విమానములలో ఎందరో నశించిరి. యుద్ధము ముగిసిన పిదప గాని చేతితో తెరచు పారాషూటు సైన్యమున స్థిరపడలేదు. రక్షణ సాధనము ఉండుట ఒకటి, అది పనివాని ఒంటి మీద ఉండుట మరియొకటి. మన పారిశ్రామిక వాడలలో గిడ్డంగి యందు మూటగట్టి యుంచిన చేతితొడుగులను, ముసుగులను చూచినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

టైనీ సుమారు 1,100 మారులు దూకి, చీలమండలు ఇక ఓర్వవని 1922లో విరమించెను. అప్పటికి ఆమె వయసు ఇరువది తొమ్మిదేండ్లు మాత్రమే.

మన దేశమున ఈ మార్గమును తెరచినది డాక్టరు గీతా చందా. వైమానిక దళమున వైద్యురాలుగ నున్న ఆమె 1959 జులై 17వ తేదీన పారాషూటుతో దూకి ప్రథమ భారతీయ మహిళా పారాట్రూపరు అయిరి. గాయపడిన సైనికుల కడకు రహదారి లేని చోట వైద్యుడు ఎట్లు చేరవలెను? ఆకాశము నుండియే గదా! పిదప రేచల్ థామస్ ఈ విద్యను క్రీడగ సాధించి, 2002 ఏప్రిల్ 20వ తేదీన ఉత్తర ధ్రువము మీద 7,000 అడుగుల ఎత్తు నుండి దూకిరి. 2016 జూన్ 18వ తేదీన మన దుండిగల్లు అకాడమీలోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు యుద్ధ విమానములు నడుపుటకై నియుక్తలైరి. దేశమున ఆ పనికి స్త్రీలను తీసికొనుట అదియే ప్రథమము. ఆ విమానముల చప్పుడు వినబడు గ్రామములలో ఎందరు బాలికలకు ఈ సంగతి తెలియును? ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులను మీరే అడిగి చూడుడు. పంచాయతీలలో సగము స్థానములు మహిళలవి. ఆ సోదరీమణులు బడికి పోయి ఈ కథను తమ మాటలలో చెప్పినచో మేము చెప్పినదానికంటె పిల్లలు బాగుగ విందురు.

వారిలో అందరును ఆకాశము నుండి దూకనక్కరలేదు. ఒకతె నర్సు కావచ్చును, ఒకతె ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్వవచ్చును, ఒకతె కంది గ్రామమున వెలసిన ఐ.ఐ.టి.లోనే సీటు తెచ్చుకొనవచ్చును. ఇంటరు రెండేండ్లు గడచినచో సగము గండము గడచినట్లే. ఆ రెండేండ్లు గడచుటకు బస్సు కావలెను, వీధిదీపము కావలెను, బడిలో మరుగుదొడ్డి కావలెను. ఇవి పంచాయతీ తీర్మానములలో వ్రాయదగిన విషయములు. వీధిదీపము ఏ మలుపున కావలెనో ఆడుపిల్లలను అడిగి వ్రాసినచో మరియు మంచిది.

టైనీ తరువాతి కాలమున అందరివలె సామాన్య జీవితము గడపెను. 1964లో తన పట్టు పారాషూటును వాషింగ్టను నగరములోని జాతీయ వైమానిక ప్రదర్శనశాలకు ఇచ్చివేసెను. 1978లో, ఎనుబది యైదేండ్ల వయసున, కాలిఫోర్నియాలో కన్నుమూసెను. ఆమె దేహమును హెండర్సన్‌నకు తెచ్చి, ఆ మిల్లు ఊరిలోనే ఖననము చేసిరి.